పాత కారులో దూర ప్రయాణం: లీటరుకు గిట్టుబాటు ఎంత, తరుగు ఎంత?

మిర్చి, పసుపు, మొక్కజొన్న రాబడులు ముమ్మరమయ్యే రోజుల్లో యార్డు నుంచి యార్డుకు తిరగక తప్పని వర్తకునికి కారు ఖర్చు కూడా సరుకు ధరలో భాగమే. హమాలీ, కాటా, కమీషను పద్దులను పైసలతో సహా చూసుకొనేవారు పెట్రోలు పద్దును మాత్రం నెలాఖరున ఒక్క మొత్తంగా రాసి వదిలివేయడం పరిపాటి. ఇంట్లో పాత అంబాసిడరో, పద్మినియో ఉండి, దానిమీదనే దూర ప్రయాణాలు చేసేవారికి ఈ పద్దు చిన్నది కాదు.

విజయవాడ నుంచి చెన్నైకి జాతీయ రహదారిమీద సుమారు 450 కిలోమీటర్లు. రానూపోనూ 900. పెట్రోలు లీటరు 108 రూపాయలు, డీజిల్ 97 రూపాయలు అని లెక్కకు పెట్టుకొంటే, లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు అంబాసిడర్‌కు 90 లీటర్లు, అనగా 9,720 రూపాయలు కావలె. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే ఈనాటి చిన్న కారుకు 50 లీటర్లు, 5,400 రూపాయలు చాలు. ఒక్క ప్రయాణానికి తేడా 4,320 రూపాయలు. ఇంతటితో పాత కారుది నష్టపు బేరమని తేల్చివేయడం తొందరపాటు అవుతుంది. ఆ లెక్కకు రెండో వైపు కూడా ఉన్నది.

ఇంజను సంగతి

హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసిన అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌కు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో నిలిచిపోయింది. 2017లో ఆ పేరు హక్కులను ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొన్నది. ఎక్కువ కాలం ఈ కారులో ఉన్నది 1,489 సి.సి. పెట్రోలు ఇంజను. బరువు టన్నుకు పైమాటే. గేర్లు నాలుగే. రహదారిమీద నిలకడగా పోతున్నప్పుడు ఇంజను వేగం తగ్గించుకొనేందుకు అయిదో గేరు లేదు. సుమారు 50 అశ్వశక్తి ఇంజనుతో, అయిదారుగురు మనుషులను, డిక్కీ నిండా మచ్చు సంచులను లాగవలసి వచ్చినప్పుడు లీటరుకు 10 కిలోమీటర్లు వస్తే బాగా వచ్చినట్లే. ఊళ్లో అయితే 8, 9కి దిగుతుంది. ఇంజను మంచి స్థితిలో ఉండి, తోలేవాడు నిదానస్తుడైతే దారిమీద 11, 12 కూడా చూడవచ్చు.

బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని ఇంతకంటే తేలిక. ఇంజను 1,089 సి.సి. మాత్రమే. దూర ప్రయాణంలో 13 కిలోమీటర్ల వరకు ఆశించవచ్చు. కిలోమీటరుకు 8 రూపాయల 30 పైసలు. అంబాసిడర్‌తో పోలిస్తే రెండున్నర రూపాయలు ఆదా. అయితే నలుగురు భాగస్వాములు కలిసి పోవాలన్నా, వెనుక సీటులో కాళ్లు చాపుకొని కూర్చోవాలన్నా అంబాసిడర్‌కు సాటి రాదన్నది అందరూ ఎరిగినదే.

1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను వచ్చిన తరువాత వర్తకుల మొగ్గు అటు తిరిగింది. శక్తి తక్కువ, చప్పుడు ఎక్కువ. అయినా లీటరుకు 13, 14 కిలోమీటర్లు ఇచ్చేది. అన్నింటికంటె ముఖ్యం, అప్పట్లో ప్రభుత్వ నియంత్రణ ధరలలో డీజిల్ పెట్రోలుకంటె ఎంతో చవక. 1973 చివర చమురు ఎగుమతి దేశాలు ధర పెంచడంతో పీపా 3 డాలర్ల ప్రాంతంలో ఉన్న ముడిచమురు 1974 జనవరికి 11 డాలర్ల 65 సెంట్లకు చేరిన దెబ్బ, ఆ తరువాత 1979 నాటి ఇరాన్ విప్లవంతో పడిన రెండో దెబ్బ తిన్నవారికి ఆ తేడా విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ తేడా ఇప్పుడు లేదు. పెట్రోలు ధరమీద నియంత్రణ 2010 జూన్‌లోను, డీజిల్‌మీద 2014 అక్టోబరులోను తొలగిపోయింది. 2017 జూన్ 16 నుంచి రోజువారీ ధర అమలులోకి వచ్చింది. పై లెక్కలో డీజిల్ అంబాసిడర్‌కు కిలోమీటరు ఖర్చు 6 రూపాయల 90 పైసల ప్రాంతంలో తేలుతుంది. ఈ ఆదాలో ఎక్కువ భాగం ఇంజను తక్కువ తాగడం వల్ల వస్తున్నదే తప్ప ఇంధనం చవక కావడం వల్ల కాదు.

గ్యాలను తిరకాసు

పాత కార్ల మైలేజీ గురించి చెప్పే మాటలలో సగం గందరగోళం కొలతల దగ్గరే పుడుతుంది. పాత పుస్తకాలలో గ్యాలనుకు ఇన్ని మైళ్లని ఉంటుంది. బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు, అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. గ్యాలనుకు 30 మైళ్లని ఇంగ్లీషువాడు రాస్తే లీటరుకు 10.6 కిలోమీటర్లు. అదే మాట అమెరికావాడు రాస్తే 12.75. మణుగు ఊరికో తీరుగా ఉన్న రోజులను ఎరిగిన వర్తకునికి ఈ మోసం కొత్త కాదు గాని, పాత కారు బేరంలో మాత్రం చాలామంది అడగడం మరచిపోతారు.

మైలేజీ అన్నది బండిదా, తోలేవాడిదా అన్న వాదం కూడా పాతదే. 1911లో రోల్స్ రాయిస్ వారు తమ సిల్వర్ ఘోస్ట్ కారును నేపియర్ కారుకు పోటీగా లండన్ నుంచి ఎడింబరోకు, తిరిగి లండన్‌కు, దారి పొడుగునా టాప్ గేరులోనే నడిపించి గ్యాలనుకు 24.32 మైళ్లు సాధించారు. లీటరుకు 8.6 కిలోమీటర్లన్నమాట. ఆ ఇంజను 7.4 లీటర్లది, అంబాసిడర్ ఇంజనుకు అయిదు రెట్లు! ఇది ఎట్లా సాధ్యమైందంటే, అప్పట్లో బ్రిటన్‌లో గంటకు 20 మైళ్లు మించరాదని చట్టం. ఇంజను మెల్లగా తిరగడం, బండికి గాలి అడ్డు పెద్దగా తగలకపోవడం కలిసివచ్చాయి. ఆ రోజుల్లోనే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఒక సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చారు. పసుపు రంగు కారు, లోపల సింహాసనం వంటి ఆసనం. ఇప్పుడది హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నది. అది తిరిగిన దూరం కొద్ది వందల మైళ్లే కనుక దాని మైలేజీ లెక్క ఎవరికీ అవసరపడి ఉండదు.

అమెరికాలో 1936లో లాస్ ఏంజెలిస్ నుంచి యోసెమిటీకి మొదలై, తరువాత మొబిల్ చమురు కంపెనీ పేరుతో 1968 దాకా సాగిన ఇంధన పొదుపు పందేలు ఈ విషయంలో మంచి పాఠం. కార్లు అంగడిలో అమ్మే మాదిరివే అయి ఉండాలి. ప్రతి కారులోను ఒక పరిశీలకుడు కూర్చొనేవాడు. 1950లో గ్రాండ్ కేన్యన్‌కు జరిగిన పందెంలో నెగ్గిన మెర్క్యురీ కారు గ్యాలనుకు 26న్నర మైళ్లు, అనగా లీటరుకు 11 కిలోమీటర్ల పైచిలుకు ఇచ్చింది. ఎనిమిది సిలిండర్ల బరువు కారు అది. అయితే గెలుపు నిర్ణయించింది వట్టి మైళ్లను చూసి కాదు, బండి బరువును కూడా కలిపి టన్ను మైళ్ల లెక్కన. లారీ కిరాయి టన్నుకు ఇంతని మాట్లాడే వర్తకునికి ఈ పద్ధతి వెంటనే బోధపడుతుంది. ఒక్కడు ఎక్కి పోయే అంబాసిడర్ దండగ. అయిదుగురు కలిసి పోతే మనిషికి పడే పెట్రోలు, చిన్న కారులో ఇద్దరు పోయిన దానికంటె తక్కువే.

ఎక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది

దూర ప్రయాణంలో పెట్రోలును మింగేది ముఖ్యంగా వేగం. గంటకు 60 కిలోమీటర్ల నుంచి 80కి పెంచితే గాలి అడ్డు 78 శాతం పెరుగుతుంది. గుండ్రని ముక్కు, నిలువు అద్దం, పైన సామాను క్యారియర్ ఉన్న అంబాసిడర్‌కు ఈ భారం మరీ ఎక్కువ. నాలుగు వరుసల రహదారి వచ్చిన తరువాత పాత కారును కూడా 90, 100లో తోలి, మైలేజీ పడిపోయిందని మెకానిక్‌ను తిట్టడం కద్దు. 65 దగ్గర నిలకడగా తోలితే చెన్నైకి గంటన్నర, రెండు గంటలు ఆలస్యమవుతుంది గాని నాలుగైదు లీటర్లు మిగలడం అసాధ్యమేమీ కాదు. వేలం వేళకు అందుకోవలసిన రోజున ఆ రెండు గంటల విలువ ఎంతో వర్తకునికే తెలియాలి.

రెండోది ట్యూనింగు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య సందు 15 వెయ్యోవంతుల అంగుళం, ప్లగ్గులది 25 వెయ్యోవంతులు. ఇవి అరిగి, నల్లబారి, టైమింగు వెనుకబడితే పదింట ఒకటిన్నర వంతు పెట్రోలు సైలెన్సరు గుండా పోయినా ఆశ్చర్యం లేదు. పొద్దున్న స్టార్టు చేసేటప్పుడు లాగిన చోకు మళ్లీ లోపలికి పూర్తిగా పోకుండా కొద్దిగా ఆగిపోవడం పాత కార్ల జబ్బు. దానితో వందల కిలోమీటర్లు తోలినవారున్నారు. ఎయిర్ ఫిల్టరులో దుమ్ము, పట్టుకొని తిరిగే బ్రేకు డ్రమ్ములు, టైర్లలో తక్కువ గాలి, వీటన్నింటిదీ తలా ఒక చెయ్యి.

మైలేజీ చూసుకొనే పద్ధతి ఒక్కటే నమ్మదగినది. టాంకు మూతి దాకా నింపి, తిరిగి అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర మళ్లీ మూతి దాకా నింపాలి. పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించాలి. ముల్లు చూసి చెప్పే లెక్క కళ్లతో చూసి బస్తా బరువు చెప్పడం వంటిది. మీటరును కూడా గుడ్డిగా నమ్మరాదు. అసలు సైజు కాక చిన్న టైర్లు వేసిన కారులో చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు లేని దూరాన్ని చూపుతుంది. అటువంటి కారు మైలేజీ కాగితంమీద బ్రహ్మాండంగా ఉంటుంది. కిలోమీటరు రాళ్లతో సరిచూసుకొంటే నిజం బయటపడుతుంది.

ఏప్రిల్, మే నెలల ఎండలో ఇంకొక చిక్కు. ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు లాగలేక బండి నిలిచిపోతుంది. పంపుమీద తడిగుడ్డ వేసి అరగంట చెట్టుకింద ఆగడం ఎందరికో అనుభవమే. తెల్లవారుజామున బయలుదేరితే ఈ బాధ తగ్గుతుంది. దిగుడు రోడ్డులో న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిల్చే అలవాటు మాత్రం మానుకోదగినది. ఇంజను అప్పటికీ తిరుగుతూనే ఉంటుంది గనుక మిగిలేది స్వల్పం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న బరువు కారు ఘాటు రోడ్డులో గేరు పట్టు లేకుండా దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి.

20 శాతం తరుగు

ఇంతవరకు చెప్పినవి ఎప్పుడూ ఉన్నవే. కొత్తగా వచ్చి పడినది ఇథనాల్. పెట్రోలులో 10 శాతం కలపాలన్న లక్ష్యం 2022 జూన్‌లో నెరవేరగా, 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా విస్తరించింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని దానికంటె సుమారు మూడోవంతు తక్కువ. కాబట్టి 20 శాతం కలిస్తే లెక్క ప్రకారం 6, 7 శాతం తరుగు. ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతానికి సరిదిద్దిన కార్లకు 6 నుంచి 7 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదిక కూడా పేర్కొన్నది. కొత్త కార్లలో తరుగు ఇంతకంటె స్వల్పమని పెట్రోలియం మంత్రిత్వశాఖ 2025 ఆగస్టులో వివరణ ఇచ్చింది గాని, ఆ వివరణలోని కార్లకు కంప్యూటరు, సెన్సరు ఉంటాయి. అంబాసిడర్‌కు ఉన్నది ఒక కార్బ్యురేటరు, దానిలో ఒక జెట్టు.

చెన్నై ప్రయాణంలో ఒక వైపు 45 లీటర్లు పట్టే చోట ఇప్పుడు 48 పడతాయి. తేడా 324 రూపాయలు. ఈ డబ్బుతో పోయేదయితే ఫరవాలేదు. ఇథనాల్‌లో ప్రాణవాయువు కూడా ఉండడం వల్ల కార్బ్యురేటరు ఇచ్చే మిశ్రమం పలుచబడుతుంది. ఇంజను వేడెక్కుతుంది, లాగుడు తగ్గుతుంది, తోలేవాడు ఇంకా తొక్కుతాడు. జెట్టు ఒక సైజు పెద్దది వేయించడం దీనికి మందు. పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రములు ఉబ్బి చీలుతాయి. టాంకులో ఏళ్ల తరబడి పేరుకొన్న తుప్పును ఇథనాల్ కడిగి ఫిల్టరులోకి తెస్తుంది. నెలల తరబడి కదలని కారులో తేమను పీల్చి, నీరు అడుగుకు చేరుతుంది. సీజనుకొకసారి బయటకు తీసే కారుకు ఇదే అసలు ప్రమాదం. దూర ప్రయాణానికి ముందు గొట్టాలు, డయాఫ్రము మార్పించి, టాంకు అడుగు నీరు తీయించినవారు దారిలో నిలబడరు.

ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదు పెట్రోలు పోస్తే మైలేజీ పెరుగుతుందన్నది భ్రమ. తక్కువ కంప్రెషన్ ఉన్న పాత ఇంజనుకు ఆ ఆక్టేన్‌తో పని లేదు. వేరొక లోటు మాత్రం ఉన్నది. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశంలో లేదు. ఆ సీసమే పాత ఇనుప హెడ్డులో వాల్వు కూర్చొనే చోటును అరగకుండా కాపాడేది. గట్టి సీట్లు వేయించని ఇంజనును గంటల తరబడి ఎక్కువ వేగంలో తోలితే వాల్వులు లోపలికి దిగి కంప్రెషన్ పోతుంది, దానితోపాటు మైలేజీ పోతుంది.

మొక్కజొన్న వర్తకునికి ఈ ఇథనాల్ కథలో రెండో పాత్ర కూడా ఉన్నది. టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది, క్వింటాలుకు 38 లీటర్లు. అంబాసిడర్ టాంకు 54 లీటర్లు నింపితే అందులో దాదాపు 11 లీటర్లు ఇథనాల్, అది మొక్కజొన్నతో చేసినదయితే 28 కిలోల గింజ. 2023 డిసెంబరులో చెరకు రసం ఇథనాల్‌మీద ఆంక్షలు పెట్టిన తరువాత, 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71 రూపాయల 86 పైసల ధర నిర్ణయించారు. క్వింటాలు గింజకు ఇథనాల్ విలువ 2,730 రూపాయలన్నమాట. మద్దతు ధర 2024-25లో 2,225, 2025-26లో 2,400. డిస్టిలరీల కొనుగోళ్ల ఊపుకు 2024లో భారతదేశం మొక్కజొన్నను దిగుమతి చేసుకొనే స్థితికి వచ్చింది. కోళ్ల ఫారాలవారు దాణా ఖర్చు పెరిగిందని మొత్తుకొన్నారు. మళ్లీ 2025 చివరలో కర్ణాటకలో ధర మద్దతు ధరకంటె దిగువకు జారి రైతులు ఆందోళనకు దిగారు. డిస్టిలరీలలో మిగిలే పిప్పి దాణాగా అంగడికి వచ్చి సోయా చెక్క ధరను కూడా అదిమిపెట్టింది. కనుక అదే వర్తకునికి టాంకులో పోయిన 324 రూపాయలు యార్డులో తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు.

వడ్డీ లెక్క

పాత కారు పక్షాన వాదించేవారి చేతిలో ఉన్న బలమైన పద్దు వడ్డీ. కొత్త కారుకు 8 లక్షలు పెట్టుబడి అనుకొని 9 శాతం వడ్డీ కట్టితే ఏడాదికి 72,000 రూపాయలు. పెట్రోలు అంబాసిడర్‌కు, కొత్త చిన్న కారుకు కిలోమీటరుకు తేడా 4 రూపాయల 80 పైసలు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరిగితేగాని పెట్రోలులో పోయేది వడ్డీకి సమానం కాదు. ఏడాదికి నాలుగైదువేల కిలోమీటర్లు తిరిగే వర్తకునికి పెట్రోలుమీద పోయేది 20, 24 వేలు మాత్రమే. కొత్త కారుకు తరుగుదల వేరే ఉన్నది. పాత కారుకు మరమ్మతులు వేరే ఉన్నవి, విడిభాగాలకోసం తిరుగుడు ఉన్నది. నెలకు రెండుసార్లు చెన్నై పోయేవానికి ఈ లెక్క తారుమారవుతుంది. ఏడాదికి 21,600 కిలోమీటర్లు దానితోనే అయిపోతాయి. అటువంటివారు డీజిల్ అంబాసిడర్ అయితేనే నిలబడగలరు.

పాత కారు కొనేవారు, అమ్మేవారు రిజిస్ట్రేషను సంగతి కూడా చూసుకోవలె. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్లు పైబడినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లకు 2021 జులైలో కేంద్ర రవాణాశాఖ వింటేజి నమోదు ప్రవేశపెట్టింది. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. హోదా కోసం ఈ నంబరు తీసుకొనే ముందు షరతు చదువుకోవడం మంచిది. అట్లా నమోదయిన కారును ప్రదర్శనలకు, వింటేజి ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనేందుకు రోడ్డుమీదకు తీయవచ్చు. రోజువారీ వాడకానికి గాని, వ్యాపార పనిమీద గాని తీయరాదు. మచ్చు సంచులు డిక్కీలో వేసుకొని యార్డుకు పోవడం ఆ జాబితాలో లేదు.